అండమాన్ వెళ్లిన బళ్ల సంగతి

అండమాన్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యి, బండి ఓడలో పంపించుకోడానికి మా దగ్గర బుక్ చేసుకున్న వాళ్లందరికీ ఈ మాట. ఈ నవంబర్‌లో పంపిన లోడులో ఒక కారు, ఐదు బైకులు పోర్ట్ బ్లెయిర్ హాడో జెట్టీలో దిగేసరికి ఉప్పు పట్టి ఉన్నాయి. చైన్లు ఎర్రబడ్డాయి, కారు బ్రేక్ డిస్కులకి తుప్పు. ఇంకొకరి నోట వినేకంటే నా నోటే వినండి.

మేం డబ్బు కట్టింది మూసిన కంటైనర్లకి. చెన్నైలో ఓడకెక్కించే కాంట్రాక్టరు కంటైనర్లు దొరకలేదని బళ్లని డెక్ మీద పెట్టి టార్పాలిన్ కప్పి పంపేశాడు. మాకు ఒక్క ఫోన్ లేదు. బిల్టీలో, అంటే సరుకు రవాణా రసీదులో, మాత్రం కంటైనర్ అనే రాశాడు! పదకొండేళ్లుగా మా లోడంతా ఆయనకే ఇస్తున్నాను. నిలదీస్తే "సముద్రం అన్నాక ఉప్పు తగలదా సార్" అన్నాడు. నవంబర్‌లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో విశాఖపట్నం వాడికి ఆయన చెప్తున్నాడు. ఆ మాట నాకింకా అరగలేదు.

ఆయన్ని మానేశాను, అది పెద్ద విషయం కాదు. నిద్ర పట్టనివ్వనిది వేరే. ఇరవై అడుగుల కంటైనర్‌లో ఒక చిన్న కారు, దాని ముందు మిగిలిన చోట అడ్డంగా రెండు బైకులు పడతాయి. అది నిండకుండా పంపితే నష్టం నాది, నిండేదాకా ఆగితే ఇబ్బంది మీది. డ్యూటీలో చేరిన మనిషి నెల రోజులు ఆటోల్లో తిరగాలి. రెండు వారాలు తేల్చుకోలేకపోయాను. లెక్కలు రాసే మా ఆవిడైతే అడగడమే మానేసింది. చివరికి ఆగడమే అనుకున్నాను. తేదీ చెప్పలేను. ఆగలేని వాళ్లకి అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తాను. డెక్ మీద తక్కువకి పంపేవాళ్లు చాలామంది ఉన్నారు, వెళ్లేవాళ్లని బతిమాలను.

ఇకనుంచి లోడింగ్ దగ్గర నేనే ఉంటాను. కంటైనర్ తలుపుకి వేసే సీల్ నంబరు ఫోటో మీ వాట్సాప్‌కి వస్తుంది. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పెట్రోల్ తీసేయడం, డిక్కీలో సామాన్లు పెట్టకపోవడం ఎప్పటిలాగే.

పాడైన బళ్ల సర్వీసింగ్ ఖర్చు నాదే. ఐదు బైకుల బిల్లులూ వచ్చాయి, డబ్బు వేశాను. కారు మేడమ్ మాత్రం "పర్లేదులెండి" అంటున్నారు. పర్లేదు కాదు మేడమ్, బిల్లు పంపండి.