ట్రాప్ కేసులు తర్వాత ఏమవుతున్నాయి?

ఎడిటర్ గారికి,

ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) లంచం తీసుకుంటుండగా పట్టుకునే ట్రాప్ అనగానే గులాబీ రంగు నీళ్ల సీసాలు, తలదించుకున్న ఆఫీసరు ఫోటో వేస్తారు, బానే ఉంది, కానీ ఆ తర్వాత? సస్పెన్షన్, సగం జీతం, కొన్నాళ్లకి ఇంకో సీట్లో అదే మనిషి. ప్రాసిక్యూషన్ (ఆఫీసరు మీద కోర్టులో కేసు నడిపే) పర్మిషన్ 3 నెలల్లో, మహా అయితే ఇంకో నెలలో తేల్చాలని అవినీతి నిరోధక చట్టం 2018 సవరణలో ఉంది, అయినా ఫైళ్లు నానుతూనే ఉంటాయి. బలవంతంగా లంచం ఇవ్వాల్సొస్తే 7 రోజుల్లో చెప్పకపోతే మాకూ శిక్షే అన్నదీ ఆ సవరణే, గడువులు మాకేనా సార్? పాత ట్రాప్ కేసులు ఎక్కడిదాకా వచ్చాయో నెలకోసారైనా వేయండి. మా దగ్గర రిజిస్ట్రేషన్‌కెళ్తే ఆఫీసరు నోరే విప్పడు, బయట డాక్యుమెంట్ రైటరే "ఆఫీసు ఖర్చు" అని తన ఫీజులో కలిపేసి చిల్లరతో సహా లెక్క చెప్తాడు, ఏసీబీ నంబరు 1064కి ఫోన్ చేయమనే బోర్డు పక్కనే కూర్చుని.

- ఓ పాఠకుడు, నల్గొండ జిల్లా