పడవ అడుగున తెల్ల రంగు

అన్నాపొలిస్ (అమెరికా), ఏప్రిల్ నెల

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అడుగు పలకల కింద ఎవరి కంటా పడని చోటుకు ఇంత శ్రమపడి రంగు వేయడం దేనికని అడిగావు కదా, ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టేవాళ్ల మధ్య పెరిగిన నీకు పడవ అడుగున నీళ్లు చేరడం కొత్త సంగతి కాదు. అయితే ఫైబర్‌గ్లాస్ పడవ తీరు కొంత వేరు కనుక, ఈ వసంతంలో చేసిన పనంతా వివరంగానే రాస్తాను.

మా పడవ 1970ల నాటిది. ముప్పై అడుగుల పొడవు, ఒక తెరచాప స్తంభం, చిన్న డీజిల్ ఇంజను. చలికాలానికి ముందు క్రేనుతో ఒడ్డుకు ఎత్తించి ఇనుప స్టాండ్ల మీద నిలిపి ఉంచాము. క్యాబిన్‌లో నడిచే పలకలను ఎత్తితే, పడవ రెండు పక్కలూ లోపలికి ఇరుకవుతూ, పడవకు వెన్నెముకలా అడుగున ఉండే కీల్ పైన కలిసే లోతైన చోటు కనిపిస్తుంది. దాన్నే బిల్జ్ అంటారు. పడవలోకి చేరిన ప్రతి చుక్కా, ఎక్కడ పడినా, చివరికి అక్కడికే వస్తుంది: ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్లే చోట ఊరే నీరు, స్తంభం వెంబడి దిగే వాన నీరు, గోడలకు పట్టే చెమ్మ, ఇంజను కింద కారిన నూనె. ఆ కాలపు పడవలు చాలావాటిలో ఐసు పెట్టె నుంచి కరిగిన నీటిని కూడా తిన్నగా బిల్జ్‌లోకే వదిలేవారు. చేపల నీచు, పాల విరుగుడు అన్నీ ఆ గొట్టం గుండా దిగి అక్కడే కుళ్లేవి. పాత పడవ క్యాబిన్‌లో అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే ఆ పాత వాసన చాలావరకు ఇక్కడి నుంచే వస్తుంది. నేను అన్నిటికంటే ముందు ఆ గొట్టాన్ని మూయించి, ఐసు పెట్టెకు విడిగా ఒక చేతి పంపు పెట్టించాను.

రంగు వేయడానికి పట్టిన సమయం తక్కువ; శుభ్రం చేయడానికే ఎక్కువ పట్టింది. ముందుగా బిల్జ్ నీటిని తోడే పంపును ఆపేయాలి, ఎందుకంటే నూనె కలిసిన నీటిని అది తోడి బయటికి పోస్తుంది. నీటి మీద నూనె తెట్టు కనిపించేలా దేన్ని వదిలినా ఇక్కడి చట్టం ఒప్పుకోదు. ఇరవై ఆరు అడుగులూ అంతకు మించిన పడవల్లో ఆ సంగతి తెలిపే పలకను తప్పనిసరిగా అంటించాలి. సబ్బు పోసి ఆ తెట్టును విరగ్గొట్టి వదలడం కూడా నేరమే, అలా ఉండడం ఎంతో న్యాయమని నా అభిప్రాయం. చెసపీక్ అఖాతంలో పీతలు, ఆల్చిప్పలు పట్టి బతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకని నూనెను మాత్రమే పీల్చి నీటిని వదిలేసే మెత్తని గుడ్డలను ముందు పరిచి, అవి నల్లబడ్డాక తీసి, మిగిలిన నీటిని బకెట్లలోకి తోడి, పాత నూనెను సేకరించే డబ్బాలో పోశాను. ఆ తర్వాతనే జిడ్డు తీసే ద్రావణం, గట్టి బ్రష్షు, వేడినీళ్లు.

బిల్జ్‌ను అరలుగా విడదీసే అడ్డుపలకల అడుగున నీళ్లు పారడానికి చిన్న తూములు ఉంటాయి. మా పడవలో వాటిలో కొన్ని ఏళ్ల నాటి మడ్డితో పూడిపోయి, వెనక అరలో నిలిచిన నీరు పంపు ఉన్న అరకు చేరడం మానేసింది. పొడవాటి తీగతో పొడిచి శుభ్రం చేశాక, తూముల అంచుల్లో బయటపడిన ప్లైవుడ్ నీరు తాగకుండా, రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురు పట్టించాను. కీల్‌ను పట్టి ఉంచే స్టెయిన్‌లెస్ బోల్టుల తలలు కూడా అప్పుడే బయటపడ్డాయి. స్టెయిన్‌లెస్ ఉక్కు గాలి తగిలినంతకాలం బాగానే ఉంటుంది. కదలని ఉప్పునీటిలో, ఆక్సిజన్ అందని సందుల్లో మాత్రం లోలోపలే తినేసుకుపోతుంది. అందువల్ల ప్రతి నట్టునూ మెరిసేదాకా తోమి, కింది నుంచి తుప్పు రంగు కారుతోందేమోనని టార్చి పట్టుకుని చూశాను.

ఇక్కడ ఒక వరుస తప్పకూడదు. సాండ్‌పేపర్ పట్టే ముందే జిడ్డు పూర్తిగా పోవాలి. లేకపోతే రుద్దుడుకు ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోయి, పైన ఎంత మంచి రంగు వేసినా పెచ్చులుగా లేస్తుంది. తెల్ల గుడ్డతో ద్రావకం పెట్టి తుడిచి, ప్రతి తుడుపుకూ గుడ్డ మార్చి, గుడ్డ తెల్లగానే తిరిగి వచ్చేదాకా ఆ పని ఆపకూడదు. ద్రావకాల ఆవిరి గాలి కన్నా బరువైనది, అది వచ్చి నిలిచేదీ ఈ పల్లంలోనే. కాబట్టి బ్యాటరీల తీగలు విప్పేసి, బయటి గాలిని లోపలికి తోసే ఫ్యాను పెట్టి, ఆవిరిని ఆపే గుళికలున్న మాస్కు వేసుకుని పనిచేశాను. ఈ జాగ్రత్తల్లో ఒక్కదాన్నైనా వదిలేయమని నేను ఎవరికీ చెప్పను.

పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు నాడు ఇక్కడి పడవలవాళ్లు చలికాలపు మేజోళ్లను మంటలో వేసి ఋతువు మారిందని సంబరపడతారు, కానీ ఎపాక్సీకి ఆ వెచ్చదనం చాలదు. సుమారు పది డిగ్రీల సెల్సియస్‌కు దిగువన అది గట్టిపడటం మందగిస్తుంది కనుక ఏప్రిల్ ఎండ కోసం ఆగాను. ఈలోగా తడి మిగిలిందేమో తెలుసుకోవడానికి ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా టేపుతో అంటించి రాత్రంతా ఉంచాను. తెల్లారి దాని లోపలి వైపు చెమ్మ పట్టకపోతేనే ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్‌ను పొట్టి బ్రష్షుతో మూలమూలకూ పట్టించి, ఆరాక తేలిగ్గా రుద్ది, బిల్జ్ కోసమే తయారుచేసిన తెల్ల రంగును రెండు పూతలు వేశాను.

చాలామంది మురికి కనపడదని బూడిద రంగు ఎంచుకుంటారు. నేను తెలుపు వేసింది సరిగ్గా మురికి కనపడాలనే. ఇంజను కింద ఒక్క నల్ల చుక్క, బోల్టు పక్కన ఒక్క ఎర్రటి చార, ఎక్కడి నుంచో సన్నగా జారిన నీటి జాడ, ఏది వచ్చినా ఆ రోజే నా కంట పడుతుంది. నీ ప్రశ్నకు నా జవాబు ఇంతే. పడవ నీళ్లలోకి దిగాక మంచినీళ్ల ట్యాంకులో వంటలకు వాడే రంగు కొంచెం కలిపి చూస్తాను. బిల్జ్‌లో ఆ రంగు కనిపిస్తే ట్యాంకు కారుతున్నట్టు. పొడిగా ఉన్న చోట్ల పౌడరు చల్లి ఉంచితే, నీరు వచ్చిన దారి దానిమీద గీత గీసినట్టు తెలుస్తుంది. నీరు పెరగగానే తేలి పంపును నడిపించే తేలుడు స్విచ్చిని మాత్రం ప్రతిసారీ చేత్తో ఎత్తి పరీక్షిస్తూనే ఉండాలి.

చెక్క పడవకు ఉప్పునీటి కన్నా లోపల నిలిచే వాన నీరే ఎక్కువ చేటు అని ఇక్కడి పెద్దవాళ్లు చెబుతారు. మీ వైపు కొత్త పడవ కట్టేటప్పుడు లోపలి అడుగుకు ఏమి పూస్తున్నారో, వాన నీరు నిలవకుండా ఏ ఏర్పాటు చేస్తున్నారో అక్కడి మేస్త్రీలను అడిగి వచ్చే ఉత్తరంలో వివరంగా రాయి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు