అవి ఒడిశా తాబేళ్లు కావండీ, మంత్రిగారూ!

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ ఏ ఫైలు కింద పొదుగుతున్నాయో తెలీదు. మా హేచరీలో తాబేలు గుడ్లయితే 50 రోజులకల్లా పిల్లలవుతున్నాయి.

గుడ్లు పెట్టడానికి మా ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల సంగతి మీకు నేను చెప్పాలా! సంక్రాంతి దాటిందంటే మా రేవులో పొద్దుటి నడక అంటే చచ్చిన తాబేళ్లను లెక్కపెట్టడమే. మెడ ఉబ్బి, కళ్లు బయటికొచ్చి ఉంటాయి. డిప్ప మీద చాలావాటికి గీత కూడా ఉండదు. మరబోటు వలలో ఇరుక్కుని, ఊపిరి కోసం పైకి రాలేక చచ్చాయని ఇక్కడ చిన్నపిల్లాడైనా చెబుతాడు. కొన్నిటి కడుపులో గుడ్లుంటాయి. సాయంత్రానికి గొయ్యి తీసి పూడ్చేస్తారు. పోస్టుమార్టం ఉండదు. పొడవు ఎంత, ఆడదా మగదా అని రాసుకునే పుస్తకమైనా లేదు.

ఇదేమిటని ఆఫీసులో అడిగితే "అవి ఒడిశా పోయే తాబేళ్లండీ, దారిలో చస్తే మనమేం చేస్తాం" అన్నారు. ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం.

మన హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న పరిశోధన 2004లో వచ్చింది. తల్లి వైపు నుంచే దిగే మైటోకాండ్రియా డీఎన్ఏ చూసి, తూర్పు తీరం తాబేళ్లన్నీ ఒకే గుంపని తేల్చారు. పక్కనే ఉన్న శ్రీలంక వాటితో కూడా ఇవి కలవవట. నూటికి 96 మరెక్కడా కనిపించని వంశానివి. లోకంలోని ఆలివ్ రిడ్లేలన్నిటికీ మూలం ఈ హిందూ మహాసముద్రపు వంశాలే కావచ్చన్నారు. అంటే ఒడిశా గహిర్మఠ తీరంలో లక్షల్లో దిగేవాటికీ, మా ఇసుకలో అర్ధరాత్రి ఒంటరిగా వచ్చి వంద గుడ్లు పెట్టి పోయేదానికీ ఇంటిపేరు ఒకటే. ఇక్కడ చచ్చింది అక్కడి లెక్కలోంచీ పోయినట్టే. ఇంకా ఒడిశా తాబేలంటారా?

ఆ పని జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఇవాళ మా ఒడ్డున చస్తున్నవాటి సంగతి తెలియాలంటే గోరంత చర్మం ముక్క స్పిరిట్ సీసాలో వేస్తే చాలు. అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, చచ్చినా సర్కారు సొత్తే, చెయ్యి వేస్తే కేసు అన్నారు. చట్టాన్ని తప్పుపట్టను. కానీ ముక్క తీద్దామన్న నాకున్న భయంలో సగమైనా, ఒడ్డుకు 8 కిలోమీటర్ల నిషిద్ధ హద్దు లోపలికొచ్చి వల లాగే మరబోటు యజమానికి ఉందా? మా తెప్పల వాళ్లను అనడం లేదు. కూర్మావతారమని దండం పెట్టి, వల కోసి మరీ వదిలిన పెద్దలు మా పల్లెలో ఇంకా ఉన్నారు.

తాబేలు బయటపడే దారి ఉండేలా వలలకు టెడ్‌లు ఇస్తామని మీటింగు పెట్టారు. టీ వచ్చింది, టెడ్ రాలేదు. ఇక వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి. అది చేపల కోసమని తెలుసు, సంతోషం. మరి జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డుకొచ్చే తాబేలుకో? పెళ్లయ్యాక పందిరి వేసినట్టుంది.

దయచేసి ఏదో ఒకటి చెయ్యండి. టెడ్‌లు ఇవ్వండి, గస్తీ బోటు పంపండి, కనీసం ఆ అనుమతి కాగితం మీద సంతకమైనా పెట్టించండి. కాదనేటట్టయితే కాదని రాయండి, అదీ జవాబే.

ఈ ఉదయం మరో రెండు కొట్టుకొచ్చాయి. ఇంకా పూడ్చలేదు. సాయంత్రంలోగా ఎవరినైనా టేపు, సీసా ఇచ్చి పంపండి. కుక్కలు రాకుండా నేను కాపలా ఉంటాను.

ఇట్లు
రేవులో గుడ్లు ఏరే ఒక వాలంటీరు