పొగబండి కంటే ముందు నీళ్ళ సంగతి చూడాలి

సంపాదకుడు గారికి,

విజయవాడ నుంచి ఆవిరి ఇంజిన్‌తో ఆదివారం యాత్ర బండి నడపాలని కోరేవాళ్ళు చాలామంది ఉన్నారు. స్టేషన్ ముందు దిమ్మె మీద రంగులు వేసి నిలబెట్టిన పాత ఇంజిన్‌ని దించి బొగ్గు వేస్తే సరిపోతుందని వాళ్ళలో సగం మంది నమ్మకం. కోరిక సబబే, దారి మాత్రం అది కాదు. ఏళ్ళ తరబడి వానలో నిలబడిన ఇంజిన్ పైకి నిగనిగలాడుతున్నా లోపల బాయిలర్ గొట్టాలు తుప్పు తినేసి ఉంటాయి. స్మోక్‌బాక్సు (పొగగొట్టం కింది పెట్టె) అడుగున మిగిలిన బూడిద తడిసి ఇనుప రేకును కొరికేస్తుంది. ఇరుసు పెట్టెల్లో నూనెకు బదులు వాన నీళ్ళుంటాయి. ఇత్తడి వాల్వులు, గేజీలు ఎప్పుడో మాయమై ఉంటాయి. పైగా ఆ కాలపు బాయిలర్లకు చుట్టిన ఆస్బెస్టాస్ పొర విప్పడం ఊపిరితిత్తులకు ప్రమాదం. అలాంటి ఇంజిన్‌ని బతికించాలంటే గొట్టాలన్నీ మార్చాలి, బాయిలర్ రేకుల్ని కలిపి పట్టే స్టే బోల్టులు ఒక్కొక్కటీ పరీక్షించాలి, పని ఒత్తిడికి మించిన ఒత్తిడితో నీళ్ళ పరీక్ష చేయాలి. రైల్వే డివిజన్ స్థాయిలో అయ్యే పని కాదది.

దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బండ్ల రోజువారీ నడక 1995 డిసెంబర్ 6న జలంధర్–ఫిరోజ్‌పూర్ మధ్య ముగిసింది. ఆ తరువాత నడిచే స్థితిలో మిగిలిన ఇంజిన్లు, వాటిని నడిపే చేతులు ఎక్కువగా హర్యానాలోని రేవాడీ షెడ్‌లో చేరాయి. 1893 నాటి షెడ్ అది. 'అక్బర్' పేరుతో తిరిగే డబ్ల్యూపీ రకం ఇంజిన్ 7161 అక్కడిదే. అలాంటి ఒక ఇంజిన్‌ని రెండు నెలల పాటు ఇక్కడికి రప్పించుకోవడమే తెలివైన పని. ఒకప్పుడు నెల్లూరు జిల్లా బిట్రగుంట ఆవిరి ఇంజిన్ల షెడ్‌తో కళకళలాడిన డివిజన్‌కి ఇది చిన్నతనమేమీ కాదు.

ఇంజిన్ వచ్చే లోపు ఇక్కడ సిద్ధం చేయాల్సిన వాటిలో మొదటిది నీళ్ళు. తేలికపాటి అయిదు పెట్టెల బండికైనా కిలోమీటరుకు 100 లీటర్లు లెక్క వేసుకోవాలి. మేము అనుకుంటున్న దారి విజయవాడ నుంచి మచిలీపట్నం దాకా, సుమారు 80 కిలోమీటర్లకు 8 వేల లీటర్లు. షంటింగుకీ, బాయిలర్ అడుగు మడ్డి వదలడానికీ, బాయిలర్‌కి నీళ్ళెక్కించే ఇంజెక్టర్ నుంచి కారిపోయేదానికీ మరో 3 వేలు కలపండి. కిలో బొగ్గు అయిదారు లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది కాబట్టి దారి ఖర్చు రెండు టన్నులు, చల్లటి బాయిలర్‌ని వేడెక్కించడానికి ఇంచుమించు మరో టన్ను. సింగరేణి బొగ్గు మనకు దగ్గరే కానీ బూడిద ఎక్కువ. కరిగిన బూడిద మంట కింది జాలీ మీద పెంకులా గట్టిపడి గాలిని అడ్డుకుంటే ఆవిరి ఒత్తిడి పడిపోతుంది. మధ్యలో ఆగి మంటను కెలికి శుభ్రం చేయడానికి పావుగంటైనా టైంటేబుల్‌లో ఉంచాలి.

నీరు ఎంత అన్నదాని కంటే ఎలాంటి నీరు అన్నది ముఖ్యం. బోరు నీళ్ళు నింపితే బాయిలర్ గొట్టాల చుట్టూ సున్నపు పొర కడుతుంది, వేడి నీటికి చేరక గొట్టం తానే కాలిపోతుంది. ఉప్పులు పెరిగిన నీరు నురగ కట్టి ఆవిరితో పాటు సిలిండర్లలోకి వెళ్తే ఇంకా ప్రమాదం. నీరు కుదించుకుపోదు కదా, పిస్టన్ దాన్ని నెట్టే బలానికి సిలిండర్ మూత పగిలిపోతుంది. కృష్ణ నీటిని తేర్చి, మెత్తబరిచి, పరీక్షించి పోయాలి. నాలుగైదు ట్యాంకర్ల నీటికి అదేమీ మోయలేని ఖర్చు కాదు.

మన ఎండ సంగతి రేవాడీ వాళ్ళకు విడిగా చెప్పనక్కర్లేదు, మన అధికారులకే చెప్పాలి. వేసవి సెలవుల్లో నడిపితే పిల్లలొస్తారన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఇంజిన్ వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండర్‌లోని నీటిని బాయిలర్‌లోకి నెట్టేది ఇంజెక్టర్. దానిలో ఆవిరి చల్లటి నీటిని తాకి తానూ నీరుగా మారి కుదించుకుపోతేనే ఆ నెట్టుడు పుడుతుంది. మే నెలలో ఇనుప టెండర్ ఎండలో నిలబడి నీరు 45, 50 డిగ్రీలకు చేరితే ఇంజెక్టర్ మొరాయిస్తుంది. రెండు ఇంజెక్టర్లూ మొరాయిస్తే గేజ్ గ్లాస్‌లో నీటి మట్టం దిగిపోతుంటుంది, మంట ఆర్పేయడం తప్ప ఫైర్‌మన్ చేతిలో ఏమీ ఉండదు. ఆలస్యం చేస్తే మంట మండే ఫైర్‌బాక్సు పైకప్పు నీటి పైకి తేలి, రక్షణకు బిగించిన సీసం ప్లగ్ కరిగి, ఆవిరి మంటలోకి దూకుతుంది. ఆ రోజు యాత్ర అక్కడితో సరి.

అందుకని చలికాలమే నడపాలి. అక్కడ ఇంకో చిక్కుంది. డిసెంబర్‌లో డెల్టా అంతా వరి కోతలు, పొలాల్లో కుప్పలు, ఊళ్ళ పక్కన గడ్డివాములు. పొగగొట్టం నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. కుప్ప నూర్పిళ్ళు చాలావరకు ముగిసే సంక్రాంతి తరువాత, ఫిబ్రవరి నెలాఖరు దాకా ఉన్న వారాలే మాకు సరైనవిగా తోస్తున్నాయి. అప్పుడు కూడా స్మోక్‌బాక్సులో నిప్పురవ్వల్ని ఆపే జాలీకి చిల్లు లేదని ప్రతి యాత్రకు ముందు చూడాలి. బూడిద తొట్టిని దారిలో ఎక్కడా దులపకూడదు. బండి వెళ్ళాక ట్రాక్‌మన్‌లు ఒకసారి లైను చూసిరావాలి.

మచిలీపట్నం లైనునే ఎందుకంటే చదునైన నేల, గుడివాడ లాంటి జంక్షన్ సగం దారిలో ఉండటం, చెన్నై మెయిన్ లైను మీద దొరకని ఖాళీ ఇక్కడ దొరకడం. (సత్యనారాయణపురం మీదుగా పోయే పాత లైనే ఉండి ఉంటే ఊరి నడిబొడ్డున చూడముచ్చటగా ఉండేది. అదిప్పుడు బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు.) లోపం ఒకటే, మచిలీపట్నంలో లైను ముగుస్తుంది, ఇంజిన్‌ని తిప్పే ఏర్పాటు కావాలి. టెండర్ ముందు పెట్టి వెనక్కి రావచ్చు కానీ డ్రైవర్‌కి దారి సరిగా కనబడదు, బొగ్గు పొడి కళ్ళలో పడుతుంది, వేగం తగ్గించక తప్పదు. బండి వెనక ఒక డీజిల్ ఇంజిన్ తగిలిస్తే రెండు పనులు తీరతాయి. ఆవిరి ఇంజిన్ దారిలో మొరాయిస్తే ఆదుకుంటుంది, తిరుగు ప్రయాణంలో తానే ముందుండి లాగుతుంది. వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని ఊరికే నడుస్తూ ఉంచాలి. వెనక నుంచి డీజిల్ నెడుతూ ముందు ఇంజిన్ పొగ మాత్రం వదులుతుంటే, చెవులున్నవాళ్ళకు ఆ మోసం రెండో స్టేషన్‌లోనే తెలిసిపోతుంది. తిరుగు ప్రయాణం డీజిల్‌తోనని టికెట్ మీదే రాయడం మర్యాద.

పెట్టెలు చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) పాత రకం, ఏసీ లేనివి కావాలి. వాటి లైట్లు, ఫ్యాన్లు చక్రాల ఇరుసు తిప్పే ఆల్టర్నేటర్‌తో, బ్యాటరీతో నడుస్తాయి. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు బయటి కరెంటు కావాలి, ఆవిరి ఇంజిన్ అది ఇవ్వలేదు. ఇంజిన్‌కి వాక్యూమ్ బ్రేకే ఉంటే నేటి పెట్టెలతో కుదరదు, ఎయిర్ బ్రేకు అమర్చిన ఇంజిన్‌నే అడగాలి.

పట్టాల పైన ఉండే 25 వేల వోల్టుల తీగ కింద ఎవరూ టెండర్ ఎక్కకూడదు. బొగ్గు ముందుకు లాగాలన్నా, నీళ్ళ మూత తీయాలన్నా కరెంటు ఆపి ఎర్తింగ్ చేసిన లూప్ లైను కావాలి, లేదా తీగ లేని సైడింగు. గుడివాడలో ఈ ఏర్పాటు ముందే ఖాయం చేయకపోతే అక్కడ గంటలు గంటలు నిలబడతారు. ప్లాట్‌ఫారం మీద సెల్ఫీ కర్రలు పైకెత్తేవాళ్ళకూ, పక్క లైనులో గూడ్సు వ్యాగన్ ఎక్కి ఫొటో తీసేవాళ్ళకూ ఇదే తీగ. దాన్ని తాకనక్కర్లేదు, రెండు మీటర్ల లోపుకు పోవడమే ప్రమాదం.

జనం ఎక్కువగా మూగేది ఇంజిన్ ముందు భాగంలో, సరిగ్గా సిలిండర్ల పక్కన. బండి కదిలేటప్పుడు సిలిండర్లలో చేరిన నీటిని వదలడానికి డ్రైవర్ డ్రెయిన్ కాక్‌లు అనే కుళాయిలు తెరుస్తాడు. మరిగే నీరు, ఆవిరి పక్కకు చిమ్ముతాయి. పిల్లల్ని అక్కడ నిలబెట్టి ఫొటోలు తీయనివ్వకుండా తాడు కట్టాలి. బండి ఎక్కేవాళ్ళు నైలాన్ బట్టలు వేసుకోకపోవడం, కళ్ళజోడు పెట్టుకోవడం మంచిది. ఇంజిన్ మోత వినాలనుకుంటే మొదటి పెట్టె, కళ్ళలో నలుసు పడకూడదనుకుంటే వెనక పెట్టెలు.

సిబ్బందికి శిక్షణ రేవాడీలోనే ఇప్పించాలి. ఊటీకి పోయే నీలగిరి బండిలో చాలా ఇంజిన్లు నూనెతో మండేవి, పార మీద బొగ్గును సరైన మూలకు విసరడం అక్కడ అలవడదు.

ఇక రోడ్డు మీద బండిని వెంబడించేవాళ్ళు. జాతీయ రహదారి ఉయ్యూరు, పామర్రు మీదుగా పోతుంది, రైలు గుడివాడ మీదుగా పోతుంది. మధ్యలో ఉన్నవి చాలావరకు కాలవ గట్ల మీది ఇరుకు రోడ్లు. ఇంజిన్ వైపు చూస్తూ వాటి మీద కారు నడిపితే కాలవలో తేలతారు. ముందుగా గుడివాడ చేరి ఒకసారి, పెడనలో ఒకసారి చూస్తే చాలు. పట్టాల మీదికి వెళ్ళడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. స్టేషన్ల వారీ వేళలు, ఏ గేటు ఎంతసేపు మూసి ఉంటుందో వారం ముందే పత్రికల్లో వేస్తే సగం పరుగులు తగ్గుతాయి. రహస్యంగా ఉంచితే జనం రారని కాదు, అంచనా లేకుండా వస్తారు. ఈ వేళల పట్టికను విజయవాడ డివిజన్ కార్యాలయం తెలుగులో ప్రకటించాలని, గుడివాడ, పెడన స్టేషన్లలో చూడ్డానికి వచ్చేవాళ్ళకు తాళ్ళు కట్టిన స్థలం కేటాయించాలని మా విన్నపం.

ఇట్లు,
ఆవిరి ఇంజిన్ల అభిమానులు కొందరు,
విజయవాడ, గుంటూరు