స్కారబ్ వ్యాన్ తలుపు తీసి చూపించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో స్టౌట్ స్కారబ్ ఫొటో చూశాను. అమెరికాలో కార్ల మ్యూజియంలో చుట్టూ తాడు కట్టి నిలబెట్టిన ఆ 1930ల నాటి వ్యాన్ గురించి మీరు రాసిందంతా దాని ఆకారం మీదే ఉంది. పురుగులా ఉందట, అలాంటిది ఇంకెక్కడా కనబడదట. నిజమే. కానీ నేను వ్యాన్లకు ఫ్లోర్ వేసి సీట్లు బిగించే పనిలో బతికినవాణ్ణి. ఆ బండి గొప్పతనమంతా లోపల ఉంది. లోపలి ఫొటో మాత్రం ఒక్కటీ వేయలేదు.

దాన్ని తయారుచేసిన విలియం స్టౌట్ విమానాల ఇంజనీరు. మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో ఆయన విమానాల కంపెనీని ఫోర్డ్ 1925లో కొన్నది, మూడు ఇంజన్ల ట్రైమోటార్ విమానం అక్కడి నుంచే వచ్చింది. ఆ అనుభవంతోనే కాబోలు, ఆయన ముందు మనిషి కూర్చునే చోటు చూసుకుని, తర్వాత యంత్రాన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించాడు. ఫోర్డ్ వారి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ తీసుకెళ్లి వెనక పెట్టాడు. ఇంజన్ వెనక్కి పోయేసరికి ముందున్న ఇంజన్ నుంచి వెనక చక్రాలను తిప్పడానికి బండి పొడవునా సాగే ఇనుప కడ్డీతో, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో, పని లేకుండా పోయింది. షాఫ్ట్ లేదు కాబట్టి ఫ్లోర్ మధ్యలో ఉబ్బెత్తుగా లేచే టన్నెల్ కూడా లేదు. ఆ టన్నెల్ మీద రెగ్జిన్ ముడత పడకుండా అతికించడానికి మోకాళ్ల మీద కూర్చుని తంటాలు పడినవాళ్లకు, దాని మీద కాళ్లు చెరో పక్కన వేసుకుని ప్రయాణం చేసినవాళ్లకు చదునైన ఫ్లోర్ విలువ వేరే చెప్పక్కర్లేదు.

సీట్ల సంగతి ఇంకా గొప్పది. డ్రైవర్ సీటు కదలదు. వెనక పొడుగు సీటు ఉంది. మధ్యలో కుర్చీలు మాత్రం ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు, మడత బల్ల వేసుకుని ఎదురెదురుగా కూర్చోవచ్చు. బిగించని కుర్చీ గట్టిగా బ్రేకు పడితే మనిషితో సహా ముందుకొస్తుంది, ఈ రోజుల్లో దాన్ని ఎవరూ ఒప్పుకోరు, నేనైతే అసలు బిగించకుండా వదలను. మ్యూజియం వాళ్లు ఆ మాట కూడా బోర్డు మీద రాయాలి. అయినా వ్యాన్ లోపల మనుషులు ముఖాలు చూసుకుంటూ కూర్చోవాలన్న ఆలోచన ఎంత ముందుచూపో చూడండి. ఫ్రాన్స్ వాళ్ల రెనో ఎస్పాస్ వ్యాన్‌లో ముందు సీట్లు వెనక్కి తిరగడం 1984 నాటి మాట.

నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలు కాకుండా విడివిడిగా కాయిల్ స్ప్రింగులు వేశారు. బాడీయే బరువు మోస్తుంది, కింద వేరే ఛాసిస్, అంటే ఇనుప చట్రం, ఉండదు.

అమ్మకం మాత్రం సాగలేదు. అయిదారు వందల డాలర్లు పెడితే కొత్త ఫోర్డ్ కారు వచ్చే రోజుల్లో దీని ధర 5,000 డాలర్లు. ఒక్కొక్కటీ చేత్తో చేసిన పని, పైగా ఆర్థిక మాంద్యం కాలం. మొత్తం పది బళ్లు కూడా తయారైనట్టు లేదు. ఇంత తక్కువ మిగిలినదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలన్నదాంట్లో నాకు అభ్యంతరం లేదు. తాడు ఉంచండి, ఎవర్నీ ఎక్కనివ్వకండి. కానీ పక్కనున్న తలుపు తెరిచి, లోపల ఒక లైటు వేసి, రెండు కుర్చీలు బల్లకు అటూ ఇటూ తిప్పి పెడితే ఏం పోతుంది? వెనక మూత ఎత్తి ఇంజన్ కనబడేలా చేయొచ్చు కదా. తలుపులు మూసేస్తే చూసేవాళ్లకు మిగిలేది మెరిసే రేకు ఒక్కటే. వ్యాన్ అన్నాక మనుషులు ఎక్కి కూర్చోవడానికే కదండీ.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. ఇలాంటి పాత బండి గురించి ఈసారి రాసేటప్పుడు, మ్యూజియం వాళ్లను అడిగి లోపలి ఫొటో ఒకటి తెప్పించండి. ఫ్లోర్, సీటు కాళ్లు కనబడేలా ఉండాలి. మాలాంటి పనివాళ్లు ముందు చూసేది అదే.

— ఇట్లు,
వ్యాన్ సీట్ల పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పాఠకుడు