పులుల లెక్కతో పాటు దారి సంగతీ చూడాలి

సంపాదకుడికి,

రాష్ట్రంలో పులులు పెరిగాయన్న వార్త చూసినప్పుడల్లా నాకు సంతోషమే. దాంతో పాటు ఒక ప్రశ్న కూడా అడగాలి: అవన్నీ ఎన్ని కుటుంబాలవి?

మాది గొర్రెలు కాసిన ఇల్లు. మా తాత విత్తన పొట్టేలును రెండు మూడేళ్లకు మించి మందలో ఉంచేవాడు కాదు. పక్క ఊరి మందలోని పొట్టేలుతో మార్చుకునేవాడు. లేకపోతే అది తన పిల్లలతోనే కలిసి, బలం లేని పిల్లలు పుడతాయని ఆయనకు తెలుసు. మంద యాభై నుంచి వందకు పెరిగినా సరే, పొట్టేలు మారాల్సిందే. అడవిలో మార్చేవాళ్లెవరూ ఉండరు. జంతువులే నడిచి పోవాలి.

కాగజ్‌నగర్ అడవులనే తీసుకోండి. సుమారు పదేళ్ల కింద మహారాష్ట్ర నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి అక్కడే ఉండిపోయి, రెండు ఈతల్లో పిల్లల్ని కన్నది. మనం గర్వపడాల్సిన సంగతే. కానీ ఏ జాతి అయినా కొత్త చోటికి విస్తరించేటప్పుడు ముందు చేరేవి రెండో మూడో ఉంటాయి. జాతి మొత్తంలో ఉన్న జన్యువుల్లో కొన్నే వాటి వెంట వస్తాయి. వాటి పిల్లల్లో ఒకటి రెండు ఇంకో అడవికి పోతే, ఆ కొన్నింటిలోనూ కొన్నే మిగులుతాయి. అందులో ఒక చెడు జన్యువు ఉంటే అది అక్కడి సంతానమంతటికీ పాకవచ్చు. వెనక నుంచి కొత్తవి వస్తూ ఉంటేనే ఈ లోటు తీరుతుంది. మధ్యలో రోడ్డు, గని, కాలువ అడ్డుపడితే రాక ఆగిపోతుంది. పైకి లెక్క పెరుగుతూనే ఉంటుంది, లోపల జన్యు వైవిధ్యం తరుగుతూ ఉంటుంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాగే ఒంటరైన ప్యూమాలు (పెద్ద పిల్లి జాతి అడవి జంతువులు) 20, 30కి పడిపోయాయి. వంకర తోకలు, గుండె లోపాలు కనిపించాయి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలాకే కోలుకున్నాయి.

మా వనస్థలిపురం పక్కన హరిణ వనస్థలిలో కృష్ణజింకలున్నాయి. చుట్టూ కాలనీలు, హైవే. వాటికి నడిచి పోయే దారి ఇక లేదు. పులులకు ఇంకా ఉంది.

మన నగరం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే నాగపూర్ దాటాక పెంచ్ అడవిలోంచి వెళ్తుంది. అక్కడ రోడ్డును పైకి లేపి, కింద జంతువులకు దారులు వదిలారు. పులులు వాటి గుండా నడిచిపోవడం కెమెరాల్లో పడింది. ఆదిలాబాద్ వైపు, అమ్రాబాద్ మీదుగా శ్రీశైలం వైపు ఏ రోడ్డు వెడల్పు చేసినా ఈ ఖర్చు అంచనాలో మొదటే ఉండాలి.

మహారాష్ట్ర నుంచి పులులు వచ్చే దారిలోని అడవిని కాపాడేందుకు తెచ్చిన కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు జీవోను 2025లో ఆదివాసుల ఆందోళన తర్వాత నిలిపివేశారు. వాళ్ల భయం న్యాయమైనది. గ్రామసభల్లో కూర్చొని, ఎవరి భూమీ పోదని రాతపూర్వకంగా చెప్పి, దారి ఎక్కడ ఉండాలో వాళ్లతోనే నిర్ణయించాలి. ఆ అడవి వాళ్లకు తెలిసినంతగా ఆఫీసులకు తెలియదు.

ఇంకో విన్నపం. పులి మలంలోని డీఎన్‌ఏతో ఏది ఎవరి సంతానమో చెప్పవచ్చు. ఆ పని చేయగల లాకోన్స్, అంటే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి వన్యప్రాణుల ప్రయోగశాల, మన అత్తాపూర్‌లోనే ఉంది. అటవీశాఖ పులుల లెక్క ప్రకటించిన ప్రతిసారీ ఆ బంధుత్వాల నివేదికను కూడా ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వనస్థలిపురం, హైదరాబాద్