ఆ 11 మిల్లీమీటర్లు

అంబాజీపేట

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోనులో ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. నువ్వు పంపిన టిఫా స్కాన్ (కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) కాగితం పట్టుకుని పొద్దున్నే కాకినాడ వెళ్ళి, తెలిసిన డాక్టరు దగ్గర అరగంట కూర్చున్నాను.

మెదడులో నీరుండే గదులు ఉంటాయట. వాటి వెడల్పు 10 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. మన బిడ్డకు ఒకవైపు 11. 15 దాటితే తీవ్రం అంటారు. 10 నుంచి 12 మధ్య ఉండి, ఇంకే లోపమూ లేకపోతే చాలామంది పిల్లలు మామూలుగానే ఎదుగుతారు. ఆ ‘ఇంకే లోపమూ’ సంగతి తేల్చడానికే నిన్ను ఎంఆర్‌ఐ తీయించుకోమన్నది.

నలభై ఏళ్ళుగా కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి లోపల నీళ్ళెన్నో చెబుతున్నాను. స్కాన్ చూసేదీ శబ్దంతోనే. (ఈ పోలిక వింటే అమ్మ నాకు అన్నం పెట్టదు.) నీటినీ, రక్తం పారే తీరునూ అది బాగా పట్టుకుంటుంది. కానీ పుర్రె ఎముక అడ్డొచ్చి, యంత్రానికి దగ్గరగా ఉన్న సగం మసకబారుతుంది. నాకూ అంతే, నీళ్ళు తెలుస్తాయి గానీ కొబ్బరి మందం కాయ కొడితే గాని తెలియదు. ఎంఆర్‌ఐ కొట్టకుండానే మెదడు కండను చూస్తుంది: రెండు సగాలనూ కలిపే వంతెన ఉందా, మడతలు నెలలకు తగ్గట్టు పడుతున్నాయా అని.

బ్రిటన్‌లో 570 మంది గర్భస్థ శిశువులపై చేసిన పరిశీలన 2017లో వచ్చిందట. స్కాన్ 68 శాతం, ఎంఆర్‌ఐ 93 శాతం సరిగ్గా చెప్పాయి. అలాగని స్కాన్‌ను తీసిపారేయకు. వాళ్ళంతా ముందు స్కాన్‌లో అనుమానం వచ్చినవాళ్ళే, ఏరి పక్కన పెట్టింది అదే. లోపలి నుంచి చేసే స్కాన్ కూడా ఒకటుంది, ఆ సంగతి అమ్మ చెబుతుంది.

కిరణాలు తగులుతాయని మీ అత్తగారి భయం. ఎంఆర్‌ఐలో ఎక్స్‌రేలు ఉండవు, అయస్కాంతమూ రేడియో తరంగాలూ మాత్రమే. కడుపులో బిడ్డను చూసేటప్పుడు రంగు మందు కూడా ఎక్కించరు. చప్పుడు మాత్రం ఎక్కువ. మడతలు 30 వారాల దగ్గర ఇంకా బాగా కనిపిస్తాయి కాబట్టి మళ్ళీ రమ్మన్నా కంగారు పడకు.

లోపలికి లోహం రానివ్వరు. గాజులూ మెట్టెలూ ఇంట్లోనే తీసి పెట్టు. సూత్రాలు తీయడానికి మీ అత్తగారు ఒప్పుకోరేమోనని అమ్మ పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి సంచిలో పెట్టింది. రేపు రాత్రి బస్సుకు బయలుదేరుతున్నాం.

నాన్న